గడియారం దిద్దే ముందు పావుగంట

నా ఉద్యోగంలో గడియారం దిద్దడం అన్నిటికంటే చిన్న పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం ఏమైనా రాసిపెట్టమని అడిగితే మాత్రం నాకు ముందు గుర్తొచ్చింది అదే. తర్వాత్తర్వాత చాలా పెద్ద మిషన్లు చూశాను, పెద్ద పెద్ద ఊళ్ళలో పనిచేశాను. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. తాండూరులో చేసిన ఆ నాలుగైదేళ్ళే ఇప్పటికీ మనసును పట్టి లాగుతుంటాయి.

మాది వికారాబాద్. నాన్నకు స్టేషన్ రోడ్డులో బట్టల దుకాణం ఉండేది. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చదివి ఎనభైల నడుమ తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. దాని పేరు రాయను. పొద్దున ప్యాసింజరెక్కి ధారూరు, రుక్మాపూర్ దాటి తాండూరులో దిగేదాన్ని. బండలు కోసే మిషన్ల రొద ప్లాట్‌ఫారం దాకా వినబడేది. అక్కడినుంచి ఫ్యాక్టరీ బస్సు. సాయంత్రం జుట్టు నిండా తెల్ల దుమ్ముతో ఇంటికొస్తే మా అమ్మ, "నువ్వు పోయేది కంప్యూటర్ కాడికా, పిండి గిర్నీ కాడికా?" అనేది.

ఫ్యాక్టరీ మొత్తంలో చల్లగా ఉండే గది మాదొక్కటే. అందులో బీరువా అంత మిషన్, దాన్ని నడిపేది యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్. పొడుగాటి తీగలతో, వచ్చే కూలీల హాజరు నంబర్లు కొట్టడానికి గేటుకు ఒక తెర, స్టోర్స్‌కు ఒకటి, లారీల తూకం దగ్గర ఒకటి కలిపి ఉండేవి. వికారాబాద్ స్టేషన్ పక్కన మా సరుకు పంపే ఆఫీసులో ఇంకో చిన్న మిషన్ ఉండేది. దాన్ని నఫీసా అనే అమ్మాయి చూసుకునేది. మా రెండు మిషన్లూ మామూలు టెలిఫోన్ లైను మీద మాట్లాడుకునేవి.

వసంతరావు గారు

మా విభాగానికి అధికారి వసంతరావు గారు. నేను చేరేనాటికి ఆయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. నవ్వు తక్కువ. ఒంటరి మనిషి అని మాత్రమే అందరికీ తెలుసు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన బల్ల మీద చిన్న ట్రాన్సిస్టర్ ఉండేది. పాటల కోసం కాదు. రేడియో వార్తలకు ముందు టైం తెలిపే 'పీప్' శబ్దాలు వస్తాయి కదా, వాటి కోసం. ఆఖరి పీప్ వినగానే తన చేతి గడియారం చూసుకుని, ఆ తర్వాతే మిషన్ గడియారం వైపు చూసేవారు.

నేను చేరిన కొత్తలో ఒకసారి మిషన్ గడియారం కాస్త ముందుకు పోయిందని, జనం పనిచేస్తుండగానే వెనక్కి జరపబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"ఏం చేస్తున్నవమ్మా?"

"టైం సరిచేస్తున్నాను సర్."

"ఇప్పుడే గేటు దాటిన మనిషి, నువ్వు వెనక్కి జరుపుతే, ఇంక దాటనే లేదని అయితది. ముందు అందర్ని పని ఆపి దిగమను. మిషన్ ఖాళీ చెయ్యి. అప్పుడు గడియారం ముట్టు."

ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. ముందుకు జరపడంలో అంత ప్రమాదం లేదు. వెనక్కి జరిపితే మాత్రం జరిగినవన్నీ వరుస తప్పుతాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి ఒకాయన ఉండేవాడు, పర్సనల్ ఆఫీసరు అనేవాళ్ళం. ఒకరోజు మా గదికొచ్చి, షిఫ్టు మొదలయ్యే వేళకు గడియారాన్ని కొంచెం ముందుకు పెట్టమన్నాడు. "కూలీలు జర తొందరగ వస్తరు, ఎవరికేం నష్టం?" అన్నాడు. వసంతరావు గారు లేచి నిలబడి, "టైం నాది గాదు సర్, మీది గాదు. దిద్దుడు వరకే నా పని" అన్నారు. ఆ అధికారి ఆ మాట మరిచిపోలేదు.

రెండు ఊళ్ళకు ఒకటే టైం

ఇప్పటివాళ్ళకు వింతగా ఉండొచ్చు, అప్పట్లో మిషన్ల మధ్య లైను కలపడం పెళ్ళిసంబంధం కుదర్చడంలా ఉండేది. ఒక్కో మిషన్‌కూ ఒక పేరు పెట్టాలి. అవతలి మిషన్ పేరు, ఫోన్ నంబరు, ఎంత వేగంతో మాట్లాడాలి, ఏ వేళలో పిలవాలి, అన్నీ ముందే రాసిపెట్టాలి. తాండూరు మిషన్ మధ్యాహ్నం ఒక వేళకు వికారాబాద్ మిషన్‌ను పిలిచేది. ఆ రోజు ఎన్ని వ్యాగన్లు కావాలో చెప్పేది. ఇక్కడి గడియారం తప్పితే ఆ పిలుపే ఉండదు, అక్కడ నఫీసా ఖాళీగా కూర్చోవాల్సిందే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. యూనిక్స్ మిషన్ లోపల తారీఖులుండవు. 1970 జనవరి ఒకటి, గ్రీన్‌విచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లయ్యాయో అదొక్కటే లెక్క పెట్టుకుంటుంది. మనది ఏ దేశమో మనం చెబితే, దాన్ని బట్టి తెర మీద టైం చూపిస్తుంది. గ్రీన్‌విచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి ప్లస్ అని రాయబోతారు. అక్కడ మైనస్ రాయాలి. నేను మొదట తప్పు రాశాను, మీరూ రాస్తారు. ముందు దేశం సరిచెయ్యాలి, తర్వాతే గడియారం.

ఆ మధ్యాహ్నం

అప్పుడే మా మిషన్‌కు యూనిక్స్ కొత్తది ఎక్కించి వెళ్ళారు. ఎక్కించినవాళ్ళు దేశం మార్చడం మరిచిపోయారు, అది అమెరికా టైంలోనే ఉండిపోయింది. గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కూడా అరిగిపోయి ఉంది. ఈ రెండూ మాకు తెలియవు. కరెంటు పోనంత కాలం మేం పెట్టిన టైమే నడుస్తూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం రెండో షిఫ్టు మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. తిరిగొచ్చాక మిషన్ ఎక్కించి, అలవాటుగా తారీఖు అడిగాను. తెర మీద వచ్చింది చూసి నవ్వొచ్చింది. బ్యాటరీ పోవడంతో లెక్క సున్నా నుంచి మొదలైంది. గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి అయితే అమెరికాలో ఇంకా ముందురోజు సాయంత్రమే కదా.

"సర్, చూశారా? మన మిషన్ 1969కి పోయింది. డిసెంబరు ముప్పై ఒకటి, బుధవారం, సాయంత్రం ఏడు దాటిందట!"

వసంతరావు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. నేను సరిచెయ్యడానికి వేళ్ళు ఆనించాను.

"జర ఆగమ్మా."

"సర్?"

"కొంచెం సేపు గట్లనే ఉండనియ్యి."

నా కుర్చీ పక్కకు జరిపించుకుని ఆయనే కూర్చున్నారు. తారీఖు అడిగే మాట కొట్టారు. తెర మీద టైం వచ్చింది. కాసేపాగి మళ్ళీ కొట్టారు. కొంచెం ముందుకు జరిగిన టైం వచ్చింది. మళ్ళీ కొట్టారు. అలా ఆ పాత సాయంత్రం ఆయన ముందు కొద్దికొద్దిగా గడుస్తోంది, ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు. ఆ ముఖం చూశాక మాత్రం ఏమైందని అడగబుద్ధి కాలేదు.

పావుగంట అయి ఉంటుంది. ఫోను మోగింది. నఫీసా.

"ప్రమీలక్కా, మీ మిషన్ ఇయ్యాల పిలుస్తలేదేంది? సో గయీ క్యా, నిద్రపోయిందా? ఈడ స్టేషన్ల వ్యాగన్ల కోసం అడుగుతున్రు, మస్తు పరేషాన్ అయితున్న!"

ఆ గొంతు ఆయనకూ వినబడింది. లేచి, "సరిచెయ్యమ్మా" అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను దేశం మార్చి, గడియారం దిద్దాను. వికారాబాద్‌కు పిలుపు వెళ్ళింది. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

రాని మనిషి

వారం తిరిగేసరికి మా గది తలుపు దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. కొడంగల్ దగ్గరి పల్లె మనిషి, పేరు శివమ్మ. ఆమె భర్త భీమప్ప బస్తాలు నింపే చోట పనిచేసేవాడు. కరెంటు పోయి వచ్చిన రోజే, మిషన్ బెల్టులో పడి అతని కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

"మీరేనా కంప్యూటరమ్మ?" అంది.

"అవునమ్మా, రా."

ఆమె చల్లటి గదిలోకి అడుగు పెట్టలేదు. గడప అవతలే నిలబడి అడిగింది.

"మా ఆయన ఆ రోజు పనికే రాలేదని మీ మిషన్ చెప్పిందంట. ఆఫీసుల సారు గట్లనే అన్నడు. పనికి రానోనికి మేమేం ఇయ్యమన్నడు. పనికి రాలేదంటే మా ఆయన చెయ్యి ఏడ పోయిందమ్మా?"

"చూసి చెప్తానమ్మా, రేపు రా" అని పంపించాను. కరెంటు పోయిన రోజు హాజరు పట్టీ మళ్ళీ తీసి చూశాను. నిజంగానే భీమప్ప పేరు లేదు. గేటు కావలివాడు మాత్రం, "బస్సు లేటయి ఆలస్యంగ వచ్చిండు మేడమ్, నేనే నంబరు కొట్టి లోపలికి పంపిన" అన్నాడు. తోటి కూలీలదీ అదే మాట. పర్సనల్ ఆఫీసరు ఎవరినీ నమ్మలేదు. వాళ్ళు వాళ్ళు ఒకటి, మిషన్‌కు అబద్ధమాడాల్సిన అవసరమేముంది అన్నాడట.

అప్పుడు తట్టింది నాకు. హాజరు పట్టీ తీసే ప్రోగ్రాం ఆ రోజు తారీఖున్న నంబర్లనే ఏరుతుంది. నేను 1969 డిసెంబరు ముప్పై ఒకటి కోసం వెతికాను. ఒకే ఒక్క నంబరు వచ్చింది. భీమప్పది. మా గదిలో గడియారం దిద్దకుండా ఆగిన ఆ కాసేపట్లో గేటు దాటిన మనిషి అతనొక్కడే.

వసంతరావు గారికి చూపించాను. ఆయన చాలాసేపు తెరనే చూశారు.

నేను మెల్లగా అన్నాను. "సర్, ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క నంబరు తారీఖు నేను దిద్దుతాను. పట్టీ మళ్ళీ తీస్తే పేరు వచ్చేస్తుంది."

"దిద్దుతవు. రేపు ఇంకొకడు వచ్చి ఇంకొక పేరు తీసెయ్యమంటడు. అదీ దిద్దుతవా?"

"ఇది న్యాయమైనది కదా సర్."

"న్యాయమైందే. అందుకే చాటుకు చేసుడు వద్దు" అన్నారు. తర్వాత కుర్చీలోంచి లేచి చొక్కా సరిచేసుకున్నారు. "నువ్వు గూడ రామ్మా. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు."

జనరల్ మేనేజర్ గదిలో పర్సనల్ ఆఫీసరు కూడా ఉన్నాడు. వసంతరావు గారు మొత్తం వివరించారు. జనరల్ మేనేజర్ చెడ్డవాడు కాదు. "బ్యాటరీ పోయిందని రాసివ్వండి, సరిపోతుంది" అన్నాడు.

పర్సనల్ ఆఫీసరు ఒప్పుకోలేదు. "సర్, కరెంటు వచ్చినంక గడియారం పెట్టుడు రెండు నిమిషాల పని అని వీళ్ళే చెప్తరు. ఈ మనిషి వచ్చిండంటున్నది కరెంటు వచ్చిన చాలాసేపటికి. అప్పటిదాంక గడియారం పెట్టకుంట ఎందుకుంటరు? ఇది వాళ్ళెవరో పరీక్షకు కొట్టిన నంబరు అయి ఉంటది."

గదిలో అందరూ వసంతరావు గారి వైపు చూశారు. ఆయన తలొంచుకోలేదు.

"పెట్టకుంట నేనే ఆపిన సర్."

"ఎందుకు?" అన్నాడు జనరల్ మేనేజర్.

"ఆ తారీఖు నాడు నా భార్య బతికున్నది."

ఆయన అదే గొంతుతో చెప్పుకుపోయారు. అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో ఆమె కొన్ని నెలలుగా ఉంది. ఆ సాయంత్రం ఆయన చూడటానికి వెళ్ళారు. అంతకుముందు మంచం దిగలేని మనిషి ఆ రోజు ఆయనతో పాటు గేటు దాకా నడిచి వచ్చింది. ఇక బాగైపోతుందనుకున్నారు. సంక్రాంతి రాకముందే పోయింది.

"తెర మీద ఆ తారీఖు, ఆ వేళ కనబడె. చెరిపెయ్య చేతులు రాలే సర్. అంతే. ఆ మనిషి పనికి వచ్చిండు. పట్టీల ఆయన పేరు లేకుంట చేసింది నేను."

జనరల్ మేనేజర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "భీమప్ప డ్యూటీలో ఉన్నట్టే" అన్నాడు పర్సనల్ ఆఫీసరుతో. తర్వాత, "వసంతరావ్, మిమ్మల్ని ఆ గదిలో ఇంక ఉంచలేను" అన్నాడు.

"తెలుసు సర్" అన్నారాయన.

మర్నాడు శివమ్మ వచ్చింది. పేరు వచ్చిందని చెబితే ఆమె ఏడవలేదు, సంతోషపడలేదు కూడా. "ఆయన వచ్చిండని మాకు తెల్సు గదమ్మా, మీకు తెల్వాలె గని" అని వెళ్ళిపోయింది. భీమప్పకు పరిహారం అందింది. చెయ్యి నయమయ్యాక హాజరు రాసే టైం ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు.

ముప్పై ఏళ్ళ పైన ఈ పనిలో ఉన్నాను. తప్పు జరిగితే మిషన్ మీదికి నెట్టే పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. నెట్టడానికి మిషన్ చేతికందేంత దూరంలో ఉండగా, దాన్ని పక్కకు జరిపి తను ముందుకొచ్చిన మనిషిని ఒక్కరినే చూశాను.

వికారాబాద్ స్టేషన్

ఆయన్ను వికారాబాద్‌లోని సరుకు ఆఫీసుకు పంపారు. హోదా తగ్గింది. మా గదిలో ఆయన కుర్చీలోకి హైదరాబాద్ నుంచి ఇంకొకాయన వచ్చాడు. తెలివైనవాడే, మంచివాడే. ట్రాన్సిస్టర్ ఉండేది కాదు. నాకు ఆ గది చలి అప్పుడే మొదటిసారి తెలిసింది.

రోజూ పొద్దున పదకొండు ప్రాంతంలో ఫోను మోగేది. రెండు మిషన్ల టైం సరిపోల్చుకునే పని వసంతరావు గారు తన మీద వేసుకున్నారు.

"నీ దగ్గర ఎంతమ్మా?"

చెప్పేదాన్ని. "మంచిది" అని పెట్టేసేవారు. అంతకుమించి మాట ఉండేది కాదు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎదురుచూసేదాన్నని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కోరోజు నఫీసా ఫోను లాక్కుని, "అక్కా, సర్‌కు చాయ్ తాగుమని నువ్వన్న చెప్పు, నా మాట ఇంటలేడు" అనేది. వెనక ఆయన విసుక్కోవడం వినబడేది. ఇప్పుడు మిషన్లు ఎక్కడినుంచో టైం వాటంతట అవే తెచ్చుకుంటాయి. సెకను తేడా రాదు. ఎవరూ ఎవరినీ నీ దగ్గర ఎంత అని అడగనక్కర్లేదు.

నేను తాండూరు వదిలి వేరే ఉద్యోగానికి వెళ్ళేముందు ఆఖరి వారంలో, ఒక పొద్దున వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద ఆయన కలిశారు. వ్యాగన్ల పని మీద స్టేషన్‌కు వచ్చారు. నా బండి ఇంకా రాలేదు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. అంతకాలం అడగలేనిది అడిగాను.

"సర్, ఆ రోజు అలా ఆగినందుకు మీకు ఎప్పుడైనా బాధ అనిపించిందా?"

ఆయన తన చేతి గడియారం ఒకసారి చూసుకున్నారు.

"భీమప్ప సంగతి తలుచుకుంటే నిద్ర పట్టదు. ఆయన పేరు దొరకకపోయుంటే ఏమయ్యేదో అని. గది గురించి, హోదా గురించి ఫికర్ లేదు."

"మరి..."

"మళ్ళ గా పావుగంట ఇస్తమంటే మాత్రం వద్దన్లేనమ్మా." చేతుల వైపు చూసుకుంటూ అన్నారు. "అప్పుడు సార్ల ముందట అంతా చెప్పలే. ఆమె గేటు దాంక వచ్చింది గదా. ఆఖరి బస్సు కదులుతున్నది. నేను ఉరికి ఎక్కిన. ఆమె గేటు కాడనే నిలబడ్డదని కండక్టరు అన్నడు. తిరిగి చూద్దామనుకునేలోపు బస్సు మలుపు తిరిగింది. మళ్ళ వారం వస్త గదా అనుకున్న."

బండి వచ్చింది. ఆయన లేచి, నా సంచీ అందించారు. "పోయినకాడ టైం మంచిగ చూసుకో" అన్నారు. నమస్కారం పెట్టబోయేలోపే గుంపు నన్ను లోపలికి తోసేసింది.

నేను సీటు కోసం చూసుకోలేదు. తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన అప్పటికే వెనుదిరిగి, వ్యాగన్ల వైపు మెల్లగా నడుస్తున్నారు. బండి కదిలి, ప్లాట్‌ఫారం అయిపోయి, ఆ తెల్ల చొక్కా కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.